గబ్బిలం చేతి కడియం

తూర్పు కొండల్లో ఇప్పచెట్లు దట్టంగా పెరిగిన లోయ ఒకటుంది. అక్కడి జంతువులకు మనుషులకున్నన్ని చట్టాలు లేవు కానీ, ఒక కట్టుబాటు మాత్రం గట్టిగా ఉండేది. ఏ ఇంట్లో అంటురోగం మొదలైతే ఆ ఇంటివాళ్ళంతా వాగు దాటి వెళ్ళిపోవాలి. మళ్ళీ ఇటు తిరిగి చూడకూడదు. తాతల నాటి కట్టుబాటు కాబట్టి మంచిదే అయి ఉంటుందని అందరూ అనుకునేవారు. మన గుమ్మం దాకా రానంత వరకు ఏ కట్టుబాటైనా మంచిగానే కనిపిస్తుంది మరి.

ఆ ఎండాకాలం ఎలుగమ్మ పెద్దకొడుకు చచ్చిపోయాడు. మొదట కళ్ళకు పుసి కట్టింది. తర్వాత ముక్కు కారింది. చివరికి కాళ్ళు వణికి వణికి లేవలేకపోయాడు. పునుగుపిల్లి ఇంట్లో, ముంగిస ఇంట్లో కూడా అదే వణుకుతో పిల్లలు పోయారు. ఒకేసారి ఇన్నిళ్ళలో పడేసరికి, మొదలైంది ఎవరింట్లోనో తేలక ఎవరినీ వాగు దాటించలేదు. ఎలుగమ్మకు ఇక మిగిలింది చిన్న కూతురు. దాన్ని వీపు మీంచి దింపకుండా తిరిగేది.

అదే రోజుల్లో లోయలోకి కొందరు మనుషులు వచ్చారు. తుపాకులు లేవు, ఉచ్చులు లేవు. గుడారం వేసుకుని, గుహ ముందు సన్నటి వలలు కట్టి గబ్బిలాలను పట్టారు. వాటి నోట్లో దూదిపుల్ల తిప్పి, ముంజేతికి చిన్న రేకు కడియం తొడిగి వదిలేశారు. చచ్చిన జంతువుల దగ్గరకూ ఆ దూదిపుల్లలు పట్టుకుని తిరిగారు. వాళ్ళ గుడారం పక్కనే గోరింక గూడు. విన్న మాట ఊరంతా అప్పజెప్పడం దానికి పుట్టుకతో వచ్చిన జబ్బు.

ఒకనాడది ఎగిరొచ్చి, "విన్నారా? గబ్బిలాల ఒంట్లో కొత్త వైరస్ దొరికిందట! ఇంతకుముందు లోకంలో ఎవరూ చూడనిదట!" అంది.

ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టెయ్యమనేవాళ్ళు ఏ అడవిలోనైనా ఉంటారు. నక్క వాళ్ళలోది కాదు. ఎద్దు ఈనదని దానికి బాగా తెలుసు. అయినా నేరుగా ఎలుగమ్మ దగ్గరకు వచ్చింది.

"అక్కా, కడుపు తరుక్కుపోయి చెబుతున్నాను. ఆ గబ్బిలాల చేతులకు కడియాలు చూశావా?"

"చూశాను. అయితే?"

"మనుషులు బేడీలు ఎవరికి వేస్తారు? దొంగలకు, హంతకులకు. ఊరి పక్కన తిరిగేవాణ్ని, నాకు తెలియదా? నీ కొడుకును పొట్టన పెట్టుకున్నదెవరో వాళ్ళు కనిపెట్టి గుర్తు వేశారు. మనకే కళ్ళు లేవు." అంటూనే నక్క ఖళ్ళుఖళ్ళున దగ్గింది.

"ఏమిటా దగ్గు?"

"తునికిగింజ గొంతుకు అడ్డం పడిందక్కా."

"మీ ఆవిడ కనపడటం లేదేం?"

"పుట్టింటికి వెళ్ళింది."

ఎలుగమ్మ ఇంకేమీ అడగలేదు. కొడుకు పోయిన తల్లికి ఒక కారణం కావాలి. ఎవరైనా తెచ్చి చేతిలో పెడితే, ఎక్కణ్ణుంచి తెచ్చారని అడిగే ఓపిక ఉండదు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం అందరూ గుహ ముందు చేరారు. లోయకు పెద్దదిక్కు ముళ్ళపంది తాత. ఆయన పిలిస్తే గబ్బిలాల పెద్దవ్వ తలకిందులుగానే పాకుతూ గుహ అంచుకు వచ్చింది. ఆమె చేతికీ కడియం ఉంది.

"కట్టుబాటు తెలుసు కదా అవ్వా. మీవాళ్ళను తీసుకుని వాగు దాటు," అన్నాడు తాత.

"మా ఇంట్లో ఎవరికీ జబ్బు లేదే నాయనా!"

"మీ ఒంట్లో కొత్త రోగం ఉందని మనుషులే చెప్పారు," అని నక్క వెనకనుంచి అందించింది.

"మా ఒంట్లో ఉన్నదేదో మా ముత్తవ్వ నాటి నుంచీ ఉన్నదే అయుంటుంది. అది మమ్మల్ని ఏమీ అనలేదు, మేం దాన్ని ఏమీ అనలేదు. మనుషులు నిన్న చూశారు కాబట్టి వాళ్ళకు కొత్త. నిన్న చూసినంత మాత్రాన నిన్న పుట్టినట్టా?" అంది అవ్వ. తర్వాత ఎలుగమ్మ వైపు తిరిగింది. "అమ్మా, నీ కొడుకు ఇప్పచెట్టు కింద తిరుగుతుంటే పైనుంచి పళ్ళు రాల్చినదాన్ని. వాడు పోయిన రోజు మేమెవరం మేతకు పోలేదు. మా పిల్లలకు ఇంకా ఎగరడం రాదు. వాళ్ళ రెక్కలు గట్టిపడేదాకా ఆగు. ఆ తర్వాత మా అంతట మేమే పోతాం."

ఎలుగమ్మ మనసు మెత్తబడింది. నక్క అది కనిపెట్టింది.

"అప్పటిదాకా నీ కూతురు ఉంటుందా అక్కా? పిల్లను నాకిచ్చి నువ్వు లోపలికి వెళ్ళు. ఆ గుహ గాలి దానికి తగలనివ్వకు. నేను చూసుకుంటాను."

ఎవరి చేతికీ ఇవ్వని పిల్లను ఎలుగమ్మ నక్క ఒళ్ళో పెట్టింది.

ఆ తర్వాత జరిగింది చెప్పడానికి నాకు నోరు రావడం లేదు. కోతులు రాళ్ళు విసిరాయి. ఎలుగమ్మ లోపలికి పోయి అరిచిన అరుపుకు గుహ అదిరింది. గబ్బిలాలు మండుటెండలోకి వచ్చి పడ్డాయి. తల్లుల పొట్టలు కరుచుకున్న పిల్లలు జారి బండల మీద పడ్డాయి. వాటికోసం వెనక్కి వచ్చిన తల్లుల మీద మళ్ళీ రాళ్ళు పడ్డాయి. పెద్దవ్వ ఒక పసిదాన్ని నోట కరుచుకోబోయి, రాయి తగిలి గుహలోనే ఒరిగిపోయింది. మిగిలినవి వాగు దాటి ఎటో వెళ్ళిపోయాయి. అంతసేపూ నక్క ఎలుగుపిల్లను నాకుతూ, ముద్దు చేస్తూ, మధ్యమధ్య దగ్గుతూ కూర్చుంది.

పీడ విరగడైందని లోయంతా ఊపిరి పీల్చుకుంది. కొద్దిరోజులకే ఎలుగుపిల్ల కళ్ళకు పుసి కట్టింది.

ఎలుగమ్మ ఆ కళ్ళు వాగు నీళ్ళతో కడిగింది. కొండతేనె తెచ్చి నాకించింది. "లేమ్మా, వీపెక్కు. చెదలపుట్ట దగ్గరకు పోదాం," అని వీపు వంచి కూర్చుంది. అది ఎక్కబోయి జారిపోయింది. మళ్ళీ ఎక్కబోయింది, మళ్ళీ జారింది. చూడటానికి వచ్చినవాళ్ళు తల పక్కకు తిప్పుకున్నారు. నక్క కూడా వచ్చింది కానీ దూరంగా నిలబడింది.

అప్పుడే గోరింక వచ్చి వాలింది. ఈసారి దాని గొంతులో హుషారు లేదు.

"మనుషులు మళ్ళీ మాట్లాడుకున్నారు. రోగం ఒక ఒంట్లోంచి ఇంకో ఒంట్లోకి పోతూ పోతూ కొత్త పుట్టుమచ్చలు వేసుకుంటుందట. పాతవి చాలావరకు అలాగే ఉంటాయట. ఆ మచ్చలు పోల్చి చూస్తే ఎవరికి ఎవరి దగ్గరనుంచి వచ్చిందో తెలుస్తుందట."

"అయితే గబ్బిలాలదీ, నా కొడుకుదీ..." ఎలుగమ్మ మాట పూర్తి చేయలేకపోయింది.

"కలవలేదు. గబ్బిలాల్లో ఉన్నదాని ఇంటిపేరే వేరట. నీ కొడుకును చంపింది ఊరికుక్కల్లో తిరిగేదట. కుక్కల నుంచి ఒక పిల్లకు వచ్చింది. ఆ పిల్ల ఒంట్లో పడిన మచ్చే నీ కొడుకు దాంట్లోనూ ఉందట. పునుగు దాంట్లోనూ, ముంగిస దాంట్లోనూ ఉందట."

"ఏ పిల్ల?"

గోరింక నక్క వైపు చూడకుండా చెప్పింది. "కరక్కాయ చెట్టు కింద మట్టి కప్పి ఉన్న పిల్ల. ఆ మట్టి పక్కన ఒక ఆడనక్క పడుకుని ఉందట. అదిలించినా కదల్లేదట."

అందరి తలలూ నక్క వైపు తిరిగాయి. ఎన్నో ఎత్తులు తెలిసిన నక్కకు ఆ పూట ఒక్కటీ గుర్తుకు రాలేదు.

"ఊరి చివర పెంట దగ్గర కుక్కలతో ఎంగిలి తిన్నాను. అదే పిల్లకు తెచ్చి పెట్టాను," అంది. "అందరికంటే ముందు పోయింది నా బిడ్డే. గట్టిగా ఏడవటానికి కూడా లేకపోయింది. ఏడిస్తే వింటారు, వింటే వాగు దాటమంటారు. మా ఆవిడ నోరు నేనే మూశాను."

"చేసిన పాపం చెబితే పోతుందంటారు. మొదటిరోజే చెప్పొచ్చు కదరా!" అన్నాడు తాత.

"చెబితే ఏం చేసేవాళ్ళు తాతా?"

తాత ముళ్ళు ఒకసారి లేచి మెల్లగా వాలాయి. "తరిమేసేవాళ్ళం," అన్నాడు.

ఎలుగమ్మ లేచి నక్క ముందుకు వచ్చింది. "నీ సంగతి నీకు తెలుసు కదా. నా పిల్లను ఎందుకు అడిగావురా?"

"గబ్బిలాలదే తప్పని చెప్పగా చెప్పగా నాకే నిజమనిపించిందక్కా. దాన్ని ఒళ్ళో పెట్టుకుంటే నా బిడ్డ తిరిగొచ్చినట్టుంది," అని నక్క మొదటిసారి అందరి ముందూ బావురుమంది.

ఎలుగమ్మ పంజా ఎత్తింది. వెనక చిన్నది మూలిగింది. పంజా దించుకుని పిల్ల దగ్గరకు పోయింది. పొద్దు వాలేసరికి ఆ మూలుగు కూడా ఆగిపోయింది.

నక్కను ఎవరూ పొమ్మనలేదు. తనే వాగు దాటింది. ఆడనక్క మాత్రం కరక్కాయ చెట్టు కిందే ఉండిపోయింది. ఆమెను దాటమని చెప్పే మొహం ఎవరికీ లేకపోయింది.

తాత కట్టుబాటు మార్చాడు. ఎవరింట్లో రోగం వచ్చినా ముందు చెప్పాలి, చెప్పినవాళ్ళను ఎవరూ తరమకూడదు అన్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం మనకూ కొత్త కాదు కదా.

మరుసటి ఏడు ఇప్పలు విరగబూశాయి. కాయలు మాత్రం నిలవలేదు. పువ్వు పువ్వుకూ తిరిగే గబ్బిలాలు లేవు. ఎలుగమ్మ ఒంటరిగా గుహలోకి వెళ్ళింది. రాళ్ళ మధ్య సన్నటి ఎముకలు, వాటిలో ఒక రేకు కడియం కనిపించాయి. ఆ కడియాన్ని పెదవులతో తీసి, పెద్దవ్వ వేలాడే చోట రాతి నెర్రెలో పెట్టింది. తర్వాత గుమ్మంలో కూర్చుని, అలవాటుకొద్దీ వీపు వంచింది.

రోగం చెప్పుకున్నవాణ్ని తరిమే చోటికి, రోగం చెప్పకుండానే వస్తుంది.