కొంగరాజు పట్టిన గులకరాయి

ఒక్క సంగతి చెప్పండి: చెయ్యెత్తిన ప్రతివాళ్ళూ ఒప్పుకున్నట్టేనా? తొందరపడి జవాబివ్వకండి. ముందు ఈ కొంగల కథ వినండి.

అనగనగా, నదులకింకా ఎవరూ ఆనకట్టలు కట్టని కాలంలో, ఒక విశాలమైన మడుగు. ఆ మడుగులో మూడు వందల కొంగలు. వాటికి ధవళుడు రాజు.

ఆ కొంగలకొక ఆచారం ఉండేది. ఏటా మడుగు ఎండే ముందు, ఎక్కడికి వలస పోవాలో తేల్చుకోవడానికి అన్నీ వలయంగా నిలబడేవి. వినేవాళ్ళు ముక్కున గులకరాయి పట్టుకోవాలి. మాట్లాడేవాళ్ళే రాయి దించాలి. నోట్లో రాయి ఉంటే అడ్డుమాట రాదు మరి.

ఆ ఏడు ఎండలు ముందే మండాయి. రాజుకి కంగారు పుట్టింది. మాటలతో మూడు రోజులు గడిస్తే ముక్కు తడుపుకోను నీళ్ళుండవన్నాడు. రాళ్ళు పక్కన పెట్టించి, "ఉత్తరాన కొండ చెరువుకి పోదాం. సరేననేవాళ్ళు రెక్క ఎత్తండి" అన్నాడు.

అందరి రెక్కలూ లేచాయి. రాజు మురిసిపోయాడు.

తెల్లవారి బయలుదేరారు. మధ్యాహ్నం వెనక్కి చూస్తే సగంమంది లేరు. సన్నకాళ్ళమ్మ అనే తల్లికొంగ పిల్లలిద్దరూ అలసి వాలిపోతే, మిగతా తల్లులూ ఆగిపోయారట. గుంపు చీలితే డేగలకి విందే. అందరూ మడుగుకి తిరిగొచ్చారు.

రెండోరోజు రాజు పడమటి బురదనేల అన్నాడు. మళ్ళీ అన్ని రెక్కలూ లేచాయి. ఈసారి ముసలికొంగలు గట్టు దాటలేదు. ఆ బురదనేలలో వేటగాళ్ళు వలలు పన్నుతారని వాళ్ళకి తెలుసు.

మూడోరోజుకి మడుగు బురదయింది. రాజు సన్నకాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళి, రెక్క ఎత్తి మాట తప్పుతావా అని నిలదీశాడు. ఆమె పిల్లల్ని దగ్గరికి పొదువుకుంది.

"ఎత్తమన్నారు, ఎత్తాను దొరా. నా పిల్లలు ఎంత దూరం ఎగరగలరో మీరు అడగలేదు. అడక్కుండా చెబితే ఎదురు చెప్పినట్టవుతుందని భయపడ్డాను."

ధవళుడు ఆ లేత రెక్కల్ని చూశాడు. తరవాత వంగి, ఒక గులకరాయి ముక్కున కరిచి, అందరి మధ్యా నిలబడ్డాడు.

అది చూసి మిగతావాళ్ళూ రాళ్ళు పట్టారు. ఒక్కొక్కరే రాయి దించి నోరు విప్పారు. పిల్లలు ఒక పూటే ఎగరగలరని తల్లులు చెప్పారు. వలల సంగతి ముసలివాళ్ళు చెప్పారు. తూర్పున సముద్రందాకా పోదామని వాళ్ళలో కుంటి తాత పట్టుబట్టాడు. "తాతకి రెక్కలకంటే నోరే దూరం పోతుంది" అని ఒక కుర్రకొంగ వెక్కిరించబోతే, రాయి జారి వాడి కాలిమీదే పడింది.

పొద్దు వాలేసరికి దారి తేలింది. కొండ చెరువుకే, కానీ మూడు మజిలీలుగా. పిల్లల వేగమే గుంపు వేగం.

మర్నాడు అందరికంటే ముందు రెక్క విప్పింది కుంటి తాతే. నీ మాట నెగ్గలేదుగా అని రాజు ఆశ్చర్యపోయాడు.

"నెగ్గలేదు. కానీ చివరిదాకా విన్నారు కదయ్యా. ఇక ఇది నా దారి కూడా" అన్నాడు తాత.

మూడో మజిలీ దాటి సన్నకాళ్ళమ్మ పిల్లలు కొండ చెరువు నీళ్ళలో కాళ్ళు పెట్టారు. గుంపులో ఒక్క కొంగా తగ్గలేదు.

అందరి మాటా విని తేల్చినదాన్నే అందరూ తమ మాటగా మోస్తారు. కనుక ఈ పూట మీ ఇంట్లోనో బళ్ళోనో ఏదైనా తేల్చే ముందు, ఇంతవరకూ నోరు విప్పనివాళ్ళ వైపు తిరిగి "నువ్వేమంటావు?" అని అడగండి, అడిగాక, జవాబు వచ్చేదాకా ఆగండి.