రాళ్ల మీద లేని అంకెలు

కందోజు వీరభద్రాచారి అనే శిల్పిని నేరస్థుడిగా ఠాణా పుస్తకంలోకి ఎక్కించింది 2013 జూలై 9, మంగళవారం నాడు. చేసిన నేరం, వానకు చెరిగిపోయిన అంకెలను తిరిగి రాయడం. ఈ సంగతి పూర్ణమ్మగారికి తెలుసు. ఆమె శిష్యుడు ఉమాపతికి తెలియదు.

పూర్ణమ్మగారికి ఒక అలవాటుంది. ప్రయాణంలో ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు, బస్సు దిగిపోతారు. ఆ కేసు జరిగిన ఆరేళ్లకు, ఒక ఎండాకాలం, "అమ్మా, ఓర్పు ఎంతవరకు మంచిది?" అని ఉమాపతి అడిగాడు. ఆమె అలుగుపల్లి దగ్గర దిగిపోయారు.

అక్కడ ఒక పాత మంటపాన్ని బాగుచేస్తామని పురావస్తు శాఖవాళ్లు 2009లో విప్పారు. ఆరువందల పన్నెండు రాళ్లను బీడులో వరసగా పరిచి, ఏది ఎక్కడిదో తెలిసేలా ఒక్కోదాని మీద రంగుతో అంకె వేశారు. వేసి వెళ్లిపోయారు. రాళ్ల మధ్య తుమ్మలు మొలిచాయి. చూపు ఆనని ముసలాయన ఒకడు ఒక్కో రాయినీ అరచేత్తో తడుముతూ గొణుగుతున్నాడు. "నూట నలభై. కప్పు రాయి. తూర్పు మూల."

"ఏం చేస్తున్నావు తాతా?" అన్నాడు ఉమాపతి.

"మర్చిపోకుండ సూస్కుంటున్న బిడ్డా. ఇప్పిన చేతులు నావే. రంగెయ్యకుండ్రి సారూ, మా తాతలు పెట్టినట్టే లోపలి మొహానికి ఉలితోని చిన్న గుర్తు పెడ్త, అతికినంక ఎవరికీ కనబడది అన్న. పాత రాయికి గాటు పెడ్తవా అని నా మీదికే లేసిండ్రు. నాలుగు వానలకు రంగంత పాయె. డబ్బా కొన్కొచ్చి నేనే రాస్తుంటే, పాత కట్టడం పాడుజేస్తున్నవని కేసు."

"ఏ రాయి ఎక్కడిదో చూపే నక్ష ఉంటుంది కదా?"

వీరభద్రాచారి నవ్వాడు. "ఉన్నది. నక్షల నంబర్లున్నయ్, రాళ్ల మీద లెవ్వు. ఇగ నా తలకాయల ఉన్నయ్. నేను పోయిన్నాడు ఇది ఉత్త రాళ్లకుప్ప."

ఉమాపతికి కళ్లు చెమ్మగిల్లాయి. మహానుభావులెవరైనా కనిపిస్తే చాలు, వంగిపోయే వెన్ను అతనిది. పాదాలు తాకబోతూ, "ఎంత ఓర్పు తాతా నీది!" అన్నాడు.

ముసలాయన కాళ్లు వెనక్కి లాక్కున్నాడు. "ఇగ రంగు డబ్బా ముట్టనని ఠాణాల సంతకం తీస్కున్నరు కొడుకా. దాన్ని ఓర్పంటరా మీ దిక్కు?"

పూర్ణమ్మగారు కంచె వైపు చెయ్యి చూపించారు. అక్కడ నీలం బోర్డు ఒకటి నిగనిగలాడుతోంది. దానికి మాత్రం ఏటా కొత్త రంగు వేస్తారు. ఒక్క అక్షరం చెదరలేదు. సందర్శకులు ఓర్పుతో సహకరించగలరని పై వరసలో ఉంది.

"కింది వరస చదువు ఉమాపతీ," అన్నారామె. "ఆయనకు వినపడేలా చదువు."

ఉమాపతి చదివాడు.

"పనులు పూర్తి చేయు తేదీ: 31 మార్చి 2011."