దివానుగారి కొలతలు

నాగులేటి సంస్థానంలో దివాను గుండయ్యకు తన మాటంటే మహా గొప్ప. కచేరీలో ఆయన ఏ ఆజ్ఞ ఇచ్చినా గుమాస్తాలు అప్పటికప్పుడు తాటాకుల మీద రాయాలి. ఒకసారి రాశాక ఆయనే చెప్పినా మార్చకూడదు.

గుమాస్తాలు ఒకరి మొహాలొకరు చూసుకుంటూ పని పాడుచేస్తున్నారని, దివాను తడికలల్లే సింగమ్మను ఇంటికి పిలిపించాడు.

"ఒక్కొక్కడి చుట్టూ నిలువెత్తు తడిక కట్టు. సందు కూడా ఉండకూడదు," అన్నాడు. ఇంట్లో అన్న మాట కాబట్టి అది తాటాకుకెక్కలేదు.

అల్లికలో సింగమ్మ చేతికి ఎదురులేదు. మనుషుల్ని ఉక్కబెట్టే పనికి మాత్రం ఆ చెయ్యి రాలేదు. కచేరీలో మచ్చుకి ఒక్కటే కట్టింది.

"కొలత తప్పితే నా పేరు పోతుంది దొరా. తమరే కూర్చుని చూడండి."

దివాను దర్జాగా కూర్చున్నాడు. సింగమ్మ బయట ముడులు బిగిస్తూ తాత్సారం చేసింది. కాసేపటికి లోపల్నుంచి కేకలు.

"అబ్బా, ఉక్క! తడిక గుండెల దాకా కోసెయ్! ఇటు కిటికీ పెట్టు! కాళ్ళు చాపడానికి చోటేదీ? ఏమిటీ దుమ్ము, రెండుపూటలా ఊడ్పించండి!"

బయటపడి, "వాళ్ళకి మాత్రం ముందు చెప్పినట్టే కట్టు," అన్నాడు.

పెద్ద గుమాస్తా తాటాకు చూపించాడు. "తమరి మాట ఎక్కేసింది దొరా. మార్చమంటారా?"

దివాను చెమట తుడుచుకుంటూ, "రాసినట్టే కట్టు," అన్నాడు.

నెల తిరిగేసరికి దుమ్ము పోయి గుమాస్తాల దగ్గులు తగ్గాయి, పని రెట్టింపైంది. చూడవచ్చిన పొరుగు మంత్రి, ఇదంతా ఎవరి పనితనమని అడిగాడు. దివాను మీసం దువ్వాడు.

ఓ మూల చివరి తడిక ముడులు బిగిస్తున్న సింగమ్మ తలెత్తి చెప్పింది: "అల్లిక నాదండీ. కొలతలూ, చెమటా దొరగారివి!"