జడ మాయమైన ఫొటో

తెనాలిలో పాండురంగం అనే రిటైరైన డ్రాయింగు మాస్టారు ఉండేవాడు; ఆయనకు తన కంటి మీద ఎంత నమ్మకమంటే, చేసిన పనిని సరిచూసుకోవడం నామోషీ అనుకునేవాడు. ఆయన గొప్పలు మొదలుపెడితే గుంటూరు ప్యాసింజరు సైతం సిగ్నలు దగ్గర ఆగి, విని మరీ కదిలేది.

ఆ వీధిలోనే వైదేహమ్మ ఉండేది. ఒకప్పుడు ఆవిడ సత్యభామ వేషం కట్టి, జడ ముందుకు వేసుకుని నిలబడితే, కృష్ణుడు పద్యం మరిచిపోయేవాడు. హార్మోనియం దానంతటదే వాయించుకునేది. ఆమెకు ఎనభై నిండాయని నాటక సమాజం వాళ్లు సన్మానం తలపెట్టారు. ఆ వేషంలో ఆమెకు మిగిలింది ఒకే ఒక్క నలుపు తెలుపు ఫొటో, అరచేతిలో ఇమిడేంతది. దాన్ని పెద్దది చేయించి వేదిక మీద పెట్టించుకోవాలని ఆమె ఆశ.

"స్టూడియో ఎందుకు పిన్నీ? మా ఇంట్లో ప్రింటరు ఉందిగా! కంప్యూటర్లో చూస్తే చాలు, కాగితం మీద ఎలా వస్తుందో నా కన్ను చెప్పేస్తుంది" అన్నాడు పాండురంగం.

"జడ జాగ్రత్తరా పాండూ. మొహం అందరికీ ఉంటుంది" అంది వైదేహమ్మ.

సన్మానం రోజు పొద్దున్న పనికి కూర్చున్నాడు. మంచి ఫొటో కాగితాలు రెండే ఉన్నాయి. ఆ రకం ఊళ్లో దొరకదు. ఫొటో స్కాన్ చేసి, కంప్యూటరు తెర వెలుతురు పూర్తిగా పెంచాడు. నల్ల పరదా ముందు నల్లటి జడ, వెంట్రుక వెంట్రుకా లెక్కపెట్టేట్టు కనిపించింది.

భార్య శేషారత్నం తొంగిచూసి, "ముందు చిన్న ముక్క అచ్చు తీసి చూసుకోకూడదూ? జంతికలు వేసేముందు నేనైనా చిటికెడు పిండి నూనెలో వేసి చూస్తాను" అంది.

"ఇది మూకుడు కాదోయ్, కళ!" అంటూ మీట నొక్కాడు. ప్రింటరు పెట్టిన కీచుకు నాలుగు వీధుల కాకులు లేచాయి. వచ్చిన కాగితాన్ని పసుప్పచ్చ బల్బు కింద ఒక్క క్షణం చూసి, తడి ఆరకుండానే పట్టుకుని, సన్మానం ఏర్పాట్లు జరుగుతున్న హాలుకు నడిచాడు.

హాలు ముందు ఎండలో ఫొటో విప్పేసరికి అందరూ నోళ్లు తెరిచారు. మొహం పసరు పూసినట్టు ఆకుపచ్చగా ఉంది. జడ పరదా నలుపులో కలిసిపోయింది.

"ఏమిట్రా ఇది, నాకు చెప్పకుండా తిరుపతి తీసుకెళ్లి గుండు కొట్టించావా?" అంది వైదేహమ్మ. జనం నవ్విన నవ్వుకు హాలు పెంకులు కదిలాయి. ఆవిడ మాత్రం నవ్వలేదు. "పోనీలే. సాయంత్రం వేదిక మీద ఫొటో కోసం వేసిన కుర్చీ ఖాళీగానే ఉంచండి" అని మొహం తిప్పుకుంది.

ఆ మాట పాండురంగానికి ఈటెలా గుచ్చుకుంది. ఇంటికొచ్చి, "రత్నం, చిన్న ముక్కన్నావే, అదెలా? ఉన్నది ఒక్క కాగితం" అన్నాడు.

"పాడైనదాని అంచులు తెల్లగానే ఉన్నాయిగా! అటుది ఇటు తిప్పి పెట్టి, ఆ అంచు మీద తీయండి" అంది ఆవిడ.

అప్పుడు చూసుకుంటే, పెట్టింది మామూలు కాగితమని పొద్దున్న ప్రింటరుకు చెప్పినట్టు తేలింది. దాన్ని ఫొటో కాగితమని మార్చాడు. రంగు సిరాలు కలవకుండా నల్ల సిరా ఒక్కటే వాడమన్నాడు. తెర పక్కన తెల్ల కాగితం పెట్టి, రెండు తెలుపులూ ఒకటయ్యేదాకా వెలుతురు తగ్గించాడు. జడ భాగం ఒక్కటే బొటనవేలంత తీసి, ఆరనిచ్చి, కిటికీ దగ్గర చూశాడు. ఆకుపచ్చ పోయింది కానీ జడ బొగ్గులా ఉంది. నలుపు కాస్త తగ్గించాడు. రెండోది బూడిదలా పాలిపోయింది. మళ్లీ సర్దాడు. నాలుగో ముక్కలో పాయలు విడివిడిగా కనిపించాయి. అప్పుడు ఆఖరి కాగితం పెట్టాడు.

సాయంత్రం వైదేహమ్మ కళ్లజోడు సర్దుకుని ఫొటో ముందు నిలబడింది. వేలితో జడను మెడ దగ్గర నుంచి కుప్పెల దాకా తడిమింది.

"మూడు పాయలూ ఉన్నాయిరా పాండూ" అంది.

"నాలుగుసార్లు చూసుకున్నాను పిన్నీ" అన్నాడు పాండురంగం, తల వంచుకుని.

ఎంత నేర్పరికైనా సరిచూసుకోవడం చిన్నతనం కాదు. చూసుకోకుండా చేసిన పనే చిన్నబుచ్చుతుంది.