పాతిపెట్టిన కళ్ళు

ఒకానొక రాజ్యంలో, దాని పేరు చెబితే ఇప్పటికీ అక్కడివాళ్ళు నొచ్చుకుంటారు గనక పేరు మనకొద్దు, ఉద్దండ భూపాలుడనే రాజు ఉండేవాడు. ఆయనకి ‘సహస్రాక్ష’ అని బిరుదు. వెయ్యి కళ్ళవాడని అర్థం. ఆ బిరుదు ఎవరూ ఇవ్వలేదు. ఒకనాడు నిద్రలేచి ఆయనే పెట్టుకున్నాడు. గుర్రమైనా, వజ్రమైనా, వంకాయైనా తన కన్ను పడితే చాలు, మంచీ చెడూ తేలిపోతుందని ఆయన నమ్మకం. తేలకపోయినా తేలిందని చెప్పడానికి ఆస్థానం ఉండనే ఉంది.

ఆ ఆస్థానంలో కొండుభట్టు అనే కవి ఉండేవాడు. పద్యాలు చెప్పడం ఆయన కొలువు. కానీ ఏడాదికి పది పద్యాలు చెబితే వంద సార్లు రాజుగారి కోపం చల్లార్చాల్సి వచ్చేది. ఆ రెండో పనికే ఎక్కువ ఛందస్సు కావాలని ఆయన అంటూండేవాడు.

ఆ ఏడు దసరాకి రాజుగారు అత్తవారింటికి వెళ్ళారు. అసలు పిల్లనిచ్చిన మామ అనేవాడు రెండు రకాలు. అల్లుణ్ణి చూసి భయపడేవాడు ఒకడు, అల్లుణ్ణి ఆటపట్టించేవాడు ఇంకొకడు. ఈయన రెండో రకం, పైగా ఆయనకీ ఒక రాజ్యం ఉంది. భోజనంలో ఆలుగడ్డ వేపుడు వడ్డించి, “మా పెరటివే, అల్లుడుగారూ. మాఘమాసంలో మీ ఊరు వస్తాం. అప్పటికి మీ పెరటి గడ్డలు మాకు తినిపించండి. మీ నేలలో గడ్డి తప్ప గడ్డ మొలవదని విన్నాం, చూద్దాం” అన్నాడు.

ఆ మాట రాజుగారి గొంతులో వేపుడుతో పాటే అడ్డం పడింది. కోటకి రాగానే, రాణిగారి వంటింటి వెనక ఎనిమిది మళ్ళు చేయించమని ఆజ్ఞ అయింది.

పెరటి తోటమాలి పైడన్న. నలభై ఏళ్ళుగా ఆ మట్టిలోనే ఉన్నాడు. మొహంలో ముడత లేని చోటు వెతికినా దొరకదు. నవ్వితే ఆ ముడతలన్నీ కదిలి, కళ్ళు రెండూ వాటిలో దాక్కునేవి.

కార్తీకం చివర కొండవాళ్ళు విత్తనపు గడ్డలు రెండు రకాలు దించారు. ఒక గంపలో పాలగడ్డ. తెల్లగా, నున్నగా, ఒక్కోటి బత్తాయి పండంత. రెండో గంపలో ఎర్రతోలు. కోడిగుడ్డంత ఉండి, నిలవకి తోలు వడిలి, ముడతలు పడి, కళ్ళల్లోంచి బియ్యపు గింజంతేసి మొలకలు పొడుచుకొచ్చి ఉన్నాయి. ఆలుగడ్డ మీద సొట్టలు పడ్డట్టు కనిపిస్తాయే, వాటినే కళ్ళంటారు. మొలక వచ్చేది అక్కణ్ణించే. ఈ సంగతి కూర తరిగే ప్రతి ఇల్లాలికీ తెలుసు. కూర తినేవాళ్ళకే తెలియదు.

పైడన్న ఎర్రతోలు గంప ముందేసుకుని ఏరుతూంటే రాజుగారు వచ్చారు. ఆయన కిర్రుచెప్పులు కిర్రుకిర్రుమంటూ ఆయనకంటే ముందు వచ్చాయి. వెనక కొండుభట్టు, పక్కన భానుమూర్తి శాస్త్రి. శాస్త్రిగారికి ‘బీజవిశారద’ అని బిరుదు. మట్టి తగిలితే మడి పోతుందని గట్టు మీదే నిలబడ్డారు.

“ఏమిట్రా ఈ ముసలి గడ్డలు? మా పెరట్లో ఇవా నాటేది?” అన్నారు రాజుగారు.

“ఇవే మంచివి ప్రభూ. ఎనభై రోజుల్లో చేతికొస్తాయి. పాలగడ్డకి నాలుగు నెలలు కావాలి, మామగారు మాఘంలోనే వచ్చేస్తారాయె. పైగా మనది నల్లరేగడి. తడి నిలిస్తే పాలగడ్డ కుళ్ళుతుంది.”

శాస్త్రిగారు గొంతు సవరించుకున్నారు. “బీజం ఎట్టిదో ఫలమూ అట్టిదే, మహాప్రభూ. ముడతల బీజానికి ముడతల పంట. పాలగడ్డే ఉత్తమం. దానికి కూడా ఈ సొట్టలు దోషం. అందుకే నిన్ననే వంటవాళ్ళ చేత చెక్కించి నున్నగా చేయించాను.” అని ఒక గడ్డ ఎత్తి చూపించారు. శాలగ్రామంలా ఉంది.

“ఆహా! మా కన్నూ దీనిమీదే పడింది” అన్నారు రాజుగారు.

పైడన్న ఆ గడ్డని తిప్పి చూశాడు. మట్టిలో బతికినవాడికి మాట మెత్తగా చుట్టడం చేతకాదు. “అయ్యో, గుడ్డిది చేసేశారే! కళ్ళున్నవాళ్ళెవరూ దీన్ని నాటరు ప్రభూ!”

ఆ మాట అన్నది సహస్రాక్షుడితో.

రాజుగారి మొహం ముందు ఎర్రబడి, తరవాత నల్లబడింది.

“మాకు కళ్ళు లేవంటావా? భట్టూ! ఆ ముడతల మొహం కళ్ళు పీకించి ఈ మట్టిలోనే పాతిపెట్టించు! పొద్దుగుంకేలోగా జరగాలి. జరగలేదో, నీ కళ్ళూ పోతాయి. శాస్త్రిగారు ఈ నాలుగు మళ్ళలో పాలగడ్డ వేయిస్తారు. మిగతా నాలుగూ ఏమైనా మాకు అక్కర్లేదు.”

కిర్రుచెప్పులు వెళ్ళిపోయాయి. రాజుగారి కోపం కొండుభట్టు చాలాసార్లు చూశాడు గానీ, ఆ కోపానికి గడువు పెట్టడం ఇదే మొదలు. మధ్యాహ్నానికల్లా తలారి బసవడు కుంపటి, ఇనుప ఊచ పట్టుకుని పెరట్లోకి వచ్చాడు. వాడూ పైడన్న మొహంలోకి చూడలేక నిప్పులు ఊదుతూ కూర్చున్నాడు. వాడి పెళ్ళిలో పందిట్లోకి అరటి గెలలు తెచ్చింది పైడన్నే.

కొండుభట్టుకి ఒకటే ఆలోచన. పారిపొమ్మందామా? ఈ వయసులో ఎక్కడికి పోతాడు, కోట గుమ్మం దాటనిస్తారా? రాజుగారి కాళ్ళ మీద పడదామా? పడితే పంతం ఇంకా బిగుస్తుంది, ఆ రకం మనిషి. ఎండ గోడ మీంచి కిందికి జారుతోంది.

పైడన్న మాత్రం గంప దగ్గరే కూర్చున్నాడు.

“సామీ, ఒక్క పని చేసుకోనివ్వండి. ఈ గడ్డలు పాతేస్తాను. మొలకెత్తినవి ఆగవు. తరవాతైతే కన్ను ఎక్కడుందో నాకు కనిపించదు కదా.”

“పాతుకో నాయనా,” అన్నాడు కొండుభట్టు. “ఎంతసేపు పడుతుంది?”

“ఎంతసేపండీ. కన్ను చుట్టూ కాస్త కండ ఉంచి కోసి, బూడిద అద్ది, మట్టిలో పెట్టడమే. కళ్ళు పీకి పాతిపెట్టడం, అంతే.”

కొండుభట్టు లేచి నిలబడ్డాడు.

“ఏమన్నావు? మళ్ళీ అను.”

“కళ్ళు పీకి... పాతిపెట్టడం.”

కొండుభట్టు గంపలోంచి అన్నిటికంటే వడిలిన గడ్డని తీశాడు. తలారి దగ్గరికి వెళ్ళాడు. “బసవా, రాజుగారి ఆజ్ఞ నీకు చెప్పారా?”

“చెప్పారు సామీ.”

“ఏమని? అక్షరం పోకుండా చెప్పు.”

“ముడతల మొహం కళ్ళు పీకి మట్టిలో పాతిపెట్టమని.”

“పైడన్న పేరు ఎవరైనా చెప్పారా?”

బసవడు చాలాసేపు ఆలోచించాడు. “లేదు సామీ.”

“ఇదేమిటి మరి?” అని గడ్డ చూపించాడు.

బసవడు గడ్డని చూశాడు. పైడన్న మొహం చూశాడు. మళ్ళీ గడ్డని చూశాడు. కుంపటి మీద చెంబెడు నీళ్ళు కుమ్మరించి, “దీనికి ఊచ పనికిరాదు సామీ, కత్తి తెస్తాను” అన్నాడు.

పొద్దు వాలేలోగా ముగ్గురూ కలిసి నాలుగు మళ్ళూ నాటేశారు. ఊచ పట్టే చేతికి బూడిద అద్దే పని మహా నచ్చింది.

దీపాల వేళ కొండుభట్టు రాజుగారి ముందు నిలబడ్డాడు. అబద్ధం ఆడకూడదు, ఆడితే ఒకనాటికి పట్టుబడతాడు. నిజం చెప్పకూడదు, చెబితే ఇప్పుడే పట్టుబడతాడు.

“జరిగిందా?”

“జరిగింది ప్రభూ. ముడతల మొహం కళ్ళు దగ్గరుండి పీకించాను. ఆ నాలుగు మళ్ళలో పాతించాను.”

ఆ పూట రాజుగారు విస్తరి ముందు కూర్చుని లేచిపోయారని తరవాత వంటవాళ్ళు చెప్పుకున్నారు. ఎవరైనా అడ్డుపడతారని, అప్పుడు గొప్పగా క్షమించవచ్చని అనుకున్నారేమో. అడ్డుపడకుండా ఆజ్ఞ పాటించే ఆస్థానాన్ని తయారుచేసుకున్నది ఆయనే కదా.

పైడన్న కళ్ళకి పల్చటి గుడ్డ కట్టుకున్నాడు. లోపల్నించి మసగ్గా కనిపిస్తుంది, బయటికి గుడ్డివాడు. ఎనభై రోజులు ఆ గంత ఊడకూడదు. కొండుభట్టు రోజూ ఏదో వంకతో పెరట్లోకి వెళ్ళి ముడి బిగించి వచ్చేవాడు.

నలభయ్యో రోజున కిర్రుచెప్పులు వినిపించాయి.

శాస్త్రిగారి నాలుగు మళ్ళూ బోడిగా ఉన్నాయి. “ఉత్తమ బీజం నిదానంగా లేస్తుంది మహాప్రభూ, గొప్పవాళ్ళు ఆలస్యంగా లేచినట్టు” అన్నారాయన. పక్క నాలుగు మళ్ళూ మోకాలెత్తున పచ్చగా ఊగుతున్నాయి.

“అవేమిటి భట్టూ?”

“తమ ఆజ్ఞ ప్రకారం పాతించిన చోటు, ప్రభూ.”

రాజుగారు చప్పున మొహం తిప్పుకున్నారు. తిప్పుకుంటూ ఒకడుగు వెనక్కి వేశారు. ఆ అడుగు మొక్కల మొదట్లో ఎగదోసిన మట్టిగట్టు మీద, అదే బోదె మీద, పడబోయింది.

“ప్రభూ, బోదె తొక్కకండి!” అరిచాడు పైడన్న.

అరిచాక నోరు మూసుకున్నాడు. శాస్త్రిగారి కనుబొమలు పైకి లేచాయి. రాజుగారు తోటమాలి గంతకేసి చూస్తూండిపోయారు.

“నీకెలా తెలిసింది?”

“చెప్పుల చప్పుడు ప్రభూ,” అన్నాడు కొండుభట్టు. “గట్టి నేల మీద కిర్రుమంటాయి, బోదె మీద మెత్తబడతాయి. నలభై ఏళ్ళ తోటమాలికి ఆ మాత్రం తెలియదా?”

రాజుగారు పైడన్న దగ్గరికి వచ్చారు. గుడ్డ మీదికి చెయ్యి చాపారు. ఆ చెయ్యి గాల్లోనే ఆగింది, చూడ్డానికి ధైర్యం చాలనట్టు.

“నొప్పిగా ఉందట్రా?” అని మెల్లిగా అడిగారు.

“కళ్ళకేం నొప్పి లేదు ప్రభూ. నడుమే.”

రాజుగారు వెళ్ళిపోయారు. ఆ తరవాత పెరటి వైపు రాలేదు.

మాఘం వచ్చింది, మామగారూ వచ్చారు. కాళ్ళు కడుక్కుంటూనే, “పదండి అల్లుడుగారూ, ముందు గడ్డలు” అన్నారు.

శాస్త్రిగారి మళ్ళు తవ్వారు. మొదటి మడిలో కుళ్ళు. రెండో మడిలో కుళ్ళు, పైన ఇంత గడ్డి. మామగారు ఉత్తరీయం ముక్కుకి అడ్డం పెట్టుకుని, “గడ్డి మాత్రం ఏపుగా వచ్చింది” అన్నారు. రాజుగారి తల వాలిపోయింది.

“మిగతా నాలుగు మళ్ళున్నాయి మహారాజా,” అన్నాడు కొండుభట్టు మామగారితో. “మా ప్రభువు స్వయంగా ఆజ్ఞ ఇచ్చి పాతించినవి.”

రాజుగారు కొండుభట్టు చెయ్యి పట్టుకున్నారు. “వద్దు భట్టూ,” గుసగుసగా అన్నారు. “అక్కడ తవ్వించకు. నీకు దణ్ణం పెడతాను.”

కొండుభట్టు ఆ మాట కోసమే ఎనభై రోజులు ఆగాడు. పైడన్నకి సైగ చేశాడు.

గునపం దిగింది. మట్టి పెళ్ళగిలింది. ఒక్క మొక్క లాగితే పది గడ్డలు, ఎర్రగా, నవనవలాడుతూ, ఒక్క ముడత లేకుండా. రెండో మొక్కకి పన్నెండు. మామగారు వంగి ఒకటి తీసి మట్టి తుడిచి, “భేష్!” అన్నారు.

“ఇవి ఎక్కడివి?” అన్నారు రాజుగారు.

“తమవే ప్రభూ. ముడతల మొహం కళ్ళు పీకి మట్టిలో పాతిపెట్టమన్నారు. ఆ పూట పెరట్లో ముడతల మొహాలు రెండు రకాలున్నాయి. ఏదో తమరు సెలవివ్వలేదు. ఒకదానికి రెండే కళ్ళు, పాతితే మొలవవు. ఇంకొకదానికి ఆరేసి కళ్ళు, పాతితే పది రెట్లు. ప్రభువుల ఆజ్ఞ ఎప్పుడూ లాభానికే అయి ఉంటుందని రెండోది ఎంచుకున్నాను. పైడన్నా, గంత విప్పు.”

గుడ్డ జారింది. ముడతల మధ్య రెండు కళ్ళు ఎండకి చికిలించుకున్నాయి.

“ఆజ్ఞ... ఆజ్ఞ వక్రీకరించాడు మహాప్రభూ!” అన్నారు శాస్త్రిగారు గట్టు మీంచి.

“తమరూ పాటించారు శాస్త్రిగారూ, కాకపోతే సగమే. కళ్ళు పీకారు. పాతవలసింది కళ్ళు, తమరు పాతింది ఒళ్ళు.”

రాజుగారు ఎవరివైపూ చూడలేదు. పైడన్న కళ్ళలోకే చూస్తూ నిలబడ్డారు. ఎంతసేపంటే, కొండుభట్టు తన కళ్ళని మనసులో ఒకసారి తడుముకున్నాడు. అప్పుడు రాజుగారి బొజ్జ కదిలింది. తరవాత భుజాలు. పెద్దగా నవ్వు పుట్టింది, నవ్వుతూనే ఉత్తరీయంతో కళ్ళు ఒత్తుకున్నారు. మామగారు పగలబడి నవ్వారు. దూరంగా బసవడు కూడా.

“సహస్రాక్ష బిరుదు నీదిరా పైడన్నా,” అన్నారు రాజుగారు. “గంపలో వెయ్యి కళ్ళు ఏరినవాడివి నువ్వు. ఈ పెరడూ, దీని వెనక తోటా నీ వంశానికి. శాస్త్రిగారు ఆ కుళ్ళంతా స్వహస్తాలతో ఎత్తిపోస్తారు. భట్టూ, ఇదుగో నా కంకణం. ఇక మీదట శిక్ష వేస్తే పేరు పెట్టి వేస్తాం.”

“పేరు పెట్టేముందు ఒక పూట ఆగండి ప్రభూ. పేర్లకి వేరే అర్థం వెతకడం కష్టం.”

రాజుగారు మళ్ళీ నవ్వారు. “పైడన్నా, ఇంకేమైనా కావాలా? అడుగు, ఇవాళ ఏదడిగినా ఇస్తాం.”

పైడన్న చేతులు నలుపుకున్నాడు. కిందికి చూశాడు, పైకి చూశాడు.

“మరేం లేదు ప్రభూ. తమరు మళ్ళీ బోదె మీదే నుంచున్నారు. కాస్త దిగితే...”

సహస్రాక్షుడు, కాదు, ఇక ఉత్త ఉద్దండ భూపాలుడు, కిందికి చూసుకుని, కిర్రుచెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, మెల్లిగా బోదె దిగాడు.