లాజరు బూట్లు

అనగనగా అంటే మరీ అంత పాతకాలం కాదురా కన్నా. ఒక ఊళ్ళో బక్కయ్య అని చెప్పులు కుట్టే ఆయన ఉండేవాడు. ఊరందరి కాళ్ళకీ ఆయన కుట్టిన చెప్పులే. కానీ ఆయన పేటవాళ్ళు పెద్దవీధిలోకి వస్తే మాత్రం చెప్పులు విప్పి చేత పట్టుకుని నడవాలి. ఎవరు పెట్టారో ఆ కట్టుబాటు, వాళ్ళ చేతులు పడిపోను.

బక్కయ్య కొడుకు లాజరు మిలట్రీలో చేరాడు. అప్పుడు మంచుకొండల్లో యుద్ధం వచ్చింది. దెబ్బలు తగిలిన సిపాయిలు ముగ్గురు మంచులో పడి ఉన్నారు. తుపాకీగుళ్ళ మధ్య లాజరు మూడుసార్లు వెళ్ళి ముగ్గుర్నీ వీపున మోసుకొచ్చాడు. వాళ్ళు బతికారు. లాజరు కాలివేళ్ళు మాత్రం మంచుకి చచ్చుబడిపోతే డాక్టర్లు తీసేశారు. ప్రభుత్వం పతకం ఇచ్చింది.

ఆ తర్వాత లాజరు ఇంటికొచ్చాడు. సగం పాదాలతో నిలబడలేకపోతుంటే బక్కయ్య బూట్లు కుట్టి, ముందువైపు గుడ్డలు కుక్కి కొడుక్కి తొడిగాడు. అవి ఉంటేనే నడక.

అప్పుడు ఊరి పెద్దలు బడిలో సన్మానం చేస్తాం రమ్మన్నారు. బడికి దారి పెద్దవీధిలోంచే. పతకం పెట్టుకుని లాజరు ముందు నడిచాడు. వెనక బక్కయ్య, అలవాటుగా చెప్పులు చేత పట్టుకుని.

మొదటి అరుగు మీంచి బూట్లు విప్పమన్నారు. లాజరు ఆగలేదు. రెండో అరుగు మీంచి తిట్టారు. ఆగలేదు. మూడో అరుగు మునసబుది. ఆయన దిగొచ్చి అడ్డంగా నిలబడ్డాడు.

“పతకం పెట్టుకో, ఎవరొద్దన్నారు? బూట్లు మాత్రం చేత పట్టుకో.”

విన్నావా? ప్రాణాలకి తెగించినవాడితో అనే మాటేనా అది? నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అప్పుడు బక్కయ్య చేతిలో చెప్పులు నేల మీద పడేసి కాళ్ళకి తొడుక్కున్నాడు.

“అయ్యా, నా కొడుకు వేళ్ళు మంచులో వదిలేసొచ్చాడు. బూట్లు మీ వీధిలో వదలడు.”

ఇద్దరూ మునసబుని దాటి నడిచారు. కబురు ముందే చేరిపోయిందేమో, బడికి తాళం వేసుంది. సన్మానం లేదు, శాలువా లేదు, వాళ్ళకి సిగ్గూ లేదు. తండ్రీకొడుకులు అదే వీధిలో అలాగే తిరిగొచ్చారు. మర్నాటి నుంచి పేట పేటంతా చెప్పులేసుకునే నడిచింది.

ఆ తర్వాత కొన్నాళ్ళకి మునసబు చెప్పు తెగింది. పాలేరుతో పంపితే బక్కయ్య ముట్టుకోలేదు, ఆయన్నే తెచ్చుకోమన్నాడు. చుట్టుపక్కల కుట్టేవాడు ఇంకొకడు లేడు. ఏం చేస్తాడు? చెప్పులు చేత పట్టుకుని, ఉత్తకాళ్ళతో పెద్దవీధంతా నడిచి పేటకొచ్చాడు. అరుగుల మీదవాళ్ళందరూ చూశారు.

బక్కయ్య మంచిగానే కుట్టి ఆయన కాళ్ళ ముందు పెట్టాడు.

“వేసుకుని వెళ్ళండయ్యా. మా వీధిలో విప్పక్కర్లేదు.”

కథ పోయె కంచికి,
చెప్పులేమొ కాళ్ళకి,
తల ఎత్తుకు నడుచుకుంటు
మనం మన ఇంటికి.