గుంటనక్క గురునాథం ఆఖరి క్లాసు

నమ్మనివాళ్లు ఇప్పుడే లేచి వెళ్లిపోండి. ఎవరి చెప్పులు వాళ్లు చూసుకుని మరీ వెళ్లండి. మధ్యలో లేచి "అబ్బే, ఇదంతా కోతలే" అన్నవాణ్ణి మాత్రం నేను ఊరుకోను. పులికి వేపపుల్లతో పళ్లు తోముతుంటే అది ఆవలించి, ఆ గాలికి మూడు ఊళ్ల అవతల ఎగిరిపడ్డవాణ్ణి నేను! ఆ పడ్డచోటే ఈ కథంతా కళ్లారా చూశాను.

అదొక అడవి. అడవిలో పీతల వాగు. ఒక్కో పీత ఎంతుండేదంటారా? దాని డిప్పలో పెళ్లివారందరికీ పులుసు కాచేయొచ్చు. వాగు దిగువన, పెద్ద బండ నీడలో, గుంటనక్క గురునాథం కోచింగ్ సెంటరు నడిపేవాడు.

దేనికి కోచింగంటే, కొండమీద ముసలి ఏనుగమ్మగారి వైద్య విద్యాలయం ఉంది. ఆవిడ తొండంతో నాడి పట్టుకుంటే చచ్చిన దోమ కూడా లేచి, "ఎవర్ని కుట్టమంటారు?" అనేది. అక్కడ సీటు కావాలంటే ఏటా ఒక్కసారే ప్రవేశ పరీక్ష. గుమ్మం దగ్గర ఏదుపంది కాపలా. సూర్యుడి మొదటి కిరణం తన ముల్లుకి తగలడమే తరువాయి, తలుపు మూసేసేవాడు. నిమిషం దాటాక సాక్షాత్తూ సింహం వచ్చి బతిమాలినా "వచ్చే ఏడు రండి" అనేవాడు.

గురునాథానికి పాఠాలు రావని అంటే కళ్లు పోతాయి. పరీక్ష రాసొచ్చిన ప్రతివాణ్ణీ దారికాచి, తేనె నాకించి, ప్రశ్నలన్నీ రాబట్టేవాడు. ఫీజు రోజుకో పీత. కిటుకంతా అతని టైంటేబుల్‌లో ఉంది. క్రాష్ కోర్సు ఆఖరి క్లాసుని సరిగ్గా పరీక్షనాటి తెల్లవారుజామునే పెట్టేవాడు.

"అసలైన ప్రశ్నలు ఆ క్లాసులోనే చెబుతా. ముందే కొండెక్కినవాడి ఖర్మ వాడిది!" అనేవాడు మీసం దువ్వుకుంటూ.

ఆ భయానికి ఒక్క పిల్లా కదిలేది కాదు. క్లాసయ్యాక ఎంత పరిగెత్తినా, కొండెక్కేసరికి తలుపు మూసి ఉండేది. అందరూ ఏడుస్తూ దిగొచ్చి లాంగ్ టర్మ్‌లో చేరేవాళ్లు. గురువుగారికి ఇంకో ఏడాది పీతలు! గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందని ఊరికే అన్నారా?

తాబేలు తాయారుకి ఇది మూడో ఏడు. నిరుడు ఆమె కొండ సగం ఎక్కేసరికి ఫలితాలే వచ్చేశాయి. పాపం, రాయి దొర్లిపడి ఆమె తండ్రి డిప్ప నిలువునా పగిలింది. నీళ్లలో దిగితే మంట, ఒడ్డున ఉంటే ఎండ. ఏనుగమ్మ కొండ దిగదు, ఆయన కొండ ఎక్కలేడు. వాళ్ల మడుగులో డిప్ప అతికే వైద్యుడే లేడు.

"ఈసారీ సీటు రాకపోతే చదువు చాలించమ్మా. నా రాత ఇంతే అనుకుంటా" అన్నాడాయన.

తాయారు ధైర్యం చేసి గురునాథాన్ని అడిగింది. "మాస్టారూ, ఆ ఆఖరి క్లాసు కాస్త ముందుకి జరపకూడదా? నా నడక మీకు తెలుసు కదా."

"నీ నడక చూసి టైంటేబుల్ వెయ్యాలంటే, అమ్మాయ్, ఈ కోర్సు పోయిన జన్మలోనే మొదలుపెట్టాలి!"

క్లాసంతా గొల్లున నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది చెవులపిల్లి చెన్నప్ప.

"నువ్వు నవ్వకురోయ్. గాలికంటే ముందు పరిగెత్తావు, ఏం సాధించావు?" అంది తాయారు.

చెన్నప్ప నవ్వు టక్కున ఆగింది. నిరుడు మూసుకుంటున్న తలుపులో అతని ఎడమ చెవి ఇరుక్కుంది. ఇప్పటికీ అది మడిచిన తమలపాకులా ఉంటుంది.

పాఠం మానేస్తే ప్రశ్న పోతుంది, నడక మానేస్తే పరీక్ష పోతుంది. తాయారు ఆ రోజంతా డిప్పలోకి తల ముడుచుకుని ఆలోచించింది. మర్నాడు ఫీజు కింద ఉసిరికాయంత పీతని తెచ్చింది.

"ఇదేమిటే, పీతా, పేనా?" అని గురునాథం మండిపడ్డాడు.

"ఏం చెయ్యను మాస్టారూ, ఇక్కడి పెద్దవన్నీ మీ కడుపులోనే ఉన్నాయి. పై మలుపులో బుట్టలంతేసి ఉన్నాయట. ఇక్కడిదాకా మోసుకొచ్చేసరికి చచ్చి కంపుకొడతాయని భయం."

"పిచ్చిదానా, మోసుకురావడమెందుకు? క్లాసే అక్కడ పెడదాం! చదువుకి చోటుతో పనేమిటి?"

అంతే. క్లాసు ముగియగానే "పీతల్ని చూసిపెడతా మాస్టారూ" అంటూ తాయారు పై మలుపుకి బయల్దేరేది. మర్నాటి క్లాసు వేళకి అక్కడికి చేరేది. ఆ రోజు పాఠం అక్కడ. మళ్లీ ఇంకో మలుపు, ఇంకా పెద్ద పీతలు, ఇంకో పాఠం. గురునాథం తిని తిని ఎంత బలిశాడంటే, వాగు దాటుతుంటే నీళ్లు ఒడ్డెక్కి అడవికి రెండో పంట పండింది.

ఒకనాడు చెన్నప్ప వాగులో మూతి పెట్టి, దిగ్గున తలెత్తాడు.

"అక్కా! ఈ నీళ్లు నాకు తెలుసు. నిరుడు నా చెవి తడుపుకున్నది ఈ నీళ్లలోనే. ఇది పుట్టేది..."

"నోరు ముయ్యి!"

"...ఆ గుమ్మం పక్కనే కదా!"

"మూసుకోమన్నానా? చెవి ఒకటి పోయింది, నాలిక కూడా పోగొట్టుకుంటావా?"

"మాస్టారుకి తెలియదా మరి?"

"కొత్త పీత కనబడితే 'ఇంకా పైకి, ఇంకా పైకి' అంటున్నాడు. తెలిసినవాడు అంటాడా?"

చెన్నప్ప ముందుకాళ్లతో నోరు మూసుకుని నవ్వాడు. ఆ నవ్వు ఆపుకోలేక అతని తోక మూడు రోజులు ఊగింది.

పరీక్షనాటి తెల్లవారుజాము వచ్చింది. పాల మీగడలా చిక్కటి మంచు. వాగు పుట్టేచోట, వెదురు పొద ముందు గురునాథం ఆఖరి క్లాసు. ఉన్నట్టుండి పొద అవతల ఏదో ఘీంకారం.

"ఏమిటా చప్పుడు?"

"ఉరుము మాస్టారూ. మీరు కానివ్వండి" అంది తాయారు.

తూర్పు ఎర్రబడేదాకా సాగదీసి, గురునాథం దొంగ కన్నీళ్లు తుడుచుకున్నాడు. "వెళ్లండి నాయనా, బాగా రాయండి. సీటు రాకపోయినా దిగులుపడకండి, నేనున్నాగా!"

తాయారు ఆయన కాళ్లకి దణ్ణం పెట్టి, వెదురు పొద పక్కకి తిరిగింది. మంచులోంచి ఏదుపంది గొంతు వినబడింది. "రండి రండి! ఇంకా వేళుంది!"

గురునాథం నోట్లో పీత కాలు జారి కిందపడింది. "ఇదెక్కడ? ఎవడు వాడు?"

"పరీక్ష గుమ్మం మాస్టారూ" అంది తాయారు. "అదేమిటి, మీరెప్పుడూ చూడలేదా?"

అప్పుడు తెలిసింది పిల్లలందరికీ. మాస్టారు జన్మలో ఒక్కసారైనా ఆ పరీక్ష రాయలేదు! తా దూర కంత లేదు, మెడకో డోలు.

నక్కకి జిత్తులు అయిపోతాయా? "ఆగండి! అతి ముఖ్యమైన ప్రశ్న ఒకటి మిగిలిపోయింది!" అని అరిచాడు. పిల్లల కాళ్లు ఆగిపోయాయి. చెన్నప్ప కూడా ఒక కాలు గాలిలో ఎత్తి నిలబడిపోయాడు. తూర్పున వెలుగు కొండ అంచు దాకా వచ్చేసింది.

"నడవండర్రా! ఇన్నేళ్లూ మనల్ని ఆపింది ఆ ఒక్క ప్రశ్నే!" అని తాయారు ముందుకి నడిచింది. ఆ మాట వింటే బండరాయి కూడా లేచి పరీక్ష రాసేది. బిలబిలమంటూ అందరూ లోపలికి దూరారు. వాళ్లని ఆపబోయి గురునాథం గుమ్మంలో తల పెట్టాడు.

"రాస్తావా?" అన్నాడు ఏదుపంది.

"నేనా? అబ్బే..."

"అయితే తప్పుకో!"

ముల్లుకి కిరణం తగిలింది. తలుపు ధన్ మంది. తల వెనక్కి లాక్కుని గిర్రున తిరిగాడు గానీ, తోక లోపలే ఉండిపోయింది. అతని కేకకి ఆ కొండ జానెడు పక్కకి జరిగింది!

క్లాసు క్లాసంతా సీట్లు కొట్టింది. చదువయ్యాక తాయారు తండ్రి డిప్ప అతికింది. ఆయన సంతోషంతో వేసిన మునకకి మడుగులోని చేపలన్నీ చెట్లెక్కాయి. ఆ తర్వాత తోక పట్టుకుని వైద్యానికి వచ్చిందెవరో చెప్పాలా?

"కట్టు ఎప్పుడు కడతావమ్మా?" అన్నాడు గురునాథం, తల వంచుకుని.

"రేపు పొద్దున్నే రండి మాస్టారూ. ఫీజు ఒక్క పీత. ఆలస్యం మాత్రం చెయ్యకండి" అంది డాక్టర్ తాయారు.

నీతి ఒక్కటే: పాఠాలతోపాటు పరీక్ష గుమ్మందాకా నడకని కూడా లెక్కలో వేసుకున్నవాడే గట్టెక్కుతాడు.

ఏమిటా నవ్వు? ఇంకా అనుమానమేనా? అయితే కొండెక్కి ఆ కాపలావాణ్ణే అడగండి. తెల్లారకముందే వెళ్లండి సుమా, తర్వాత నా పేరు చెప్పినా తలుపు తీయడు. సాక్షి పేరు రాసుకోండి: ఏదుపంది ఏకాంబరం.